నీడ కోతకు వేళ కాలేదు

సెప్టెంబరు 18

నా థీసిస్ అంశానికి ప్రొఫెసర్ ఒగుమా ఆమోదం ఇచ్చారు. "ఉత్కంఠ నవలల్లో నగినాత విద్య." ఆయన కమలాపండు ఒలుస్తూనే సంతకం పెట్టారు. కాగితం మీద ఒక చుక్క రసం పడింది. శుభసూచకం అనుకున్నాను.

కుజే రెంజిరో నవలలన్నీ మళ్ళీ చదివాను. అన్నిటిలోనూ ఒరిన్ అనే ఒకే కథానాయిక. పగలు టీ కొట్టు నడుపుతుంది, చీకటి పడ్డాక హత్యలు చేస్తుంది. ఆమె ఆయుధం నగినాత, అంటే మనిషిని మించిన పొడవు కర్రకు వంకర కత్తి. ఇక చావు తప్పదనుకున్న ఘట్టంలో ఒరిన్ కళ్ళు మూసుకుని, శత్రువును వదిలేసి నేల మీద అతని నీడను కోస్తుంది. శత్రువు కుప్పకూలుతాడు. దాని పేరు నీడ కోత. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పరిశోధకురాలికి ఒళ్ళు జలదరించడం తప్పేమీ కాదు.

"నవల్లో ఉన్నది నిజమని చెప్పడానికి నవలనే సాక్షిగా పిలవకు. వెళ్ళి చూసి రా" అన్నారు ప్రొఫెసర్ గారు.

కథలన్నీ జరిగేది కుమోహర కోట ఊళ్ళో. అక్కడ నిజంగానే ఒక పాత సాముశాల ఉంది. ఉరానో సెత్సు గారిది. వచ్చే వారం చేరతాను.

ఫిబ్రవరిలో థీసిస్ గట్టెక్కితే నగర మ్యూజియంలో ఉద్యోగం. లేకపోతే మా ఊళ్ళో ఆల్చిప్పల పాక. మా ఇంట్లో తొమ్మిదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. అయినా పాకలో అమ్మ నాకోసం ఒక పీట, చిప్పలు విప్పే కత్తి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతుంది. "ఎందుకైనా మంచిది" అంటుంది.

సెప్టెంబరు 20

నాన్న ఫోన్.

"యూనివర్సిటీ వాళ్ళు కర్ర తిప్పడం నేర్చుకోమన్నారటగా?"

"పరిశోధన నాన్నా. నవలల్లో రాసిన విద్యకీ, అసలు విద్యకీ..."

"మన తెప్ప మీద గెడ లేదూ? వచ్చి దాన్ని తిప్పు. కాస్త పనైనా జరుగుతుంది."

సెప్టెంబరు 26

సాముశాలలో మొదటి రోజు. నగినాత పట్టుకోనివ్వలేదు. తడిగుడ్డ ఇచ్చారు. వంగి, గుడ్డ మీద రెండు చేతులూ ఆనించి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరిగెత్తుతూ చెక్క నేల తుడవాలి. మధ్యలో జారి, మొహం నేలకు తగిలింది.

"ముక్కుతో కూడా తుడుస్తోందే, శ్రద్ధ గల పిల్ల" అన్నారు గురువుగారు.

సెత్సు గురువుగారు ఎనభైకి దగ్గరగా ఉంటారు. నా భుజం దాకా వస్తారేమో. ఆవిడ తర్వాత సీనియర్ ఫుమియే అక్క. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పని, సాయంత్రాలు ఇక్కడ.

చివర్లో కాసేపు చెక్క నగినాత ఇచ్చి నిలబడమన్నారు. గురువుగారు మోకాలి కింద ఎముక మీద కొట్టారు. ఎడమ కాలు. అది మొదటి పాఠం అట. ఈ విద్యలో ప్రతివాళ్ళూ ముందు నేర్చుకునేది కాలు కాచుకోవడం.

కాచుకోలేదు.

సెప్టెంబరు 30

ఎడమ కాలు.

అక్టోబరు 3

అడిగేశాను.

సాధన అయ్యాక అందరం వరసగా మోకాళ్ళ మీద కూర్చుని, గోడ మీది చిన్న గూటికి దండం పెట్టుకుని లేవబోతుండగా అడిగాను. "గురువుగారూ, మన విద్యలో నీడ కోత అని ఒకటుందా?"

గురువుగారు నా వైపు చాలాసేపు చూశారు. కళ్ళలో ఏదో మెరిసింది. తర్వాత మెల్లిగా అన్నారు: "నీకింకా వేళ కాలేదమ్మా."

ఉంది! ఉంది! లేనిదానికి వేళ ఎలా వస్తుంది?

రైల్లో నాలో నేనే గొణుక్కుంటూ రాసుకున్నాను. ఎదుటి సీట్లో ముసలాయన నాకు ఒంట్లో బాగాలేదనుకుని బిళ్ళ ఇచ్చాడు. అల్లం బిళ్ళ.

అక్టోబరు 10

బట్టలు మార్చుకునే గదిలో ఫుమియే అక్కతో ఈ సంగతి చెప్పాను. ఆవిడ సాక్సు వేసుకుంటూ ఆగింది.

"వేళ కాలేదన్నారా?"

"అవునక్కా!"

"కయా, ఈ గదిలో గీజరు చెడిపోయి ఎన్నేళ్ళయిందో తెలుసా? బాగు చేయిస్తారా అని ప్రతి చలికాలం అడుగుతాను. ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"వేళ కాలేదంటారు. ఈ శాలలో 'లేదు' అనకూడదు, 'తెలీదు' అనకూడదు. ముందునుంచీ ఉన్న కట్టుబాటు. గురువు నోట్లోంచి లేదన్న మాట వస్తే శిష్యురాలి పట్టు సడలిపోతుందిట. మా పళ్ళ డాక్టరు కూడా అంతే, నొప్పి పుట్టదు అంటాడు."

ఫుమియే అక్క మంచిది. కానీ పరిశోధన పద్ధతి తెలియదు. గీజరు వేరు, గుప్తవిద్య వేరు.

అక్టోబరు 24

మూడో అధ్యాయం పూర్తయింది. "నీడ కోత: గుప్త సంప్రదాయానికి సజీవ సాక్ష్యం." సెమినార్‌లో చదివాను. నా గొంతు నాకే బాగుందనిపించింది.

ప్రొఫెసర్ గారు కమలాపండు తొనలు బల్ల మీద వరసగా పేర్చారు.

"ఎవరు చూశారు?"

"గురువుగారు స్పష్టంగా ఖండించలేదండీ."

"నేను కూడా నువ్వు చంద్రుడి మీద పుట్టావన్న సంగతిని ఇంతవరకూ ఖండించలేదు. కుందేటికి కొమ్ముందని రాశావు. కొమ్ము పట్టుకుని చూశావా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత టాయిలెట్లో ఏడ్చాను. చలికి కళ్ళ వెంట నీళ్ళు కారినట్టున్నాయి.

అక్టోబరు 31

ఎడమ కాలు. ప్యాడ్ కట్టుకున్నా అదే చోట.

నవంబరు 7

నమ్మలేకపోతున్నాను. కుజే రెంజిరో గారు ఫోన్ చేశారు!

సెమినార్‌లో ఎవరో నా అధ్యాయం ఫోటో తీసి నెట్లో పెట్టారట. అది ఆయన దాకా వెళ్ళింది. కాఫీకి రమ్మన్నారు. ఆయన తల నుంచి కాలి దాకా నలుపు బట్టల్లో వచ్చారు. పక్క బల్ల కింద ఉన్న బొచ్చుకుక్కను చూసి, ఒక్క మాట మాట్లాడకుండా కుర్చీ ఇటువైపు మార్చుకున్నారు.

"ఇసోబె గారూ, నేను ఆ కోతని నా బుర్రలోంచి పుట్టించానని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. నిజంగానే ఉందన్నమాట!"

"అవునండీ. దాదాపు రుజువైంది."

"'దాదాపు' అన్న మాట తీసేద్దాం. అచ్చుకి వెళ్తున్న కొత్త నవల వెనకమాటలో మీ పేరు వేస్తాను. పరిశోధకురాలు ఇసోబె కయానో ధ్రువీకరించారని."

పరిశోధకురాలు. ఇంటికి వచ్చి అద్దం ముందు ఒకసారి అనుకున్నాను. రెండోసారి కొంచెం గట్టిగా అనుకున్నాను. పక్క గది అమ్మాయి గోడ మీద కొట్టింది.

నవంబరు 8

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, అచ్చు పుస్తకంలో నా పేరు వస్తోందని.

అవతల తలుపు మూసిన చప్పుడు. తర్వాత, "ఏం చేశావే? పోలీసులు కూడా వచ్చారా?"

నవంబరు 27

కుజే గారి పుస్తకం వచ్చి వారం కాలేదు, సాముశాల ముందు జనం. ఒరిన్ అభిమానులట, అందరూ నలుపు బట్టలు. బూట్లు ఎక్కడ పడితే అక్కడ విడిచారు. ఫుమియే అక్క వాటిని సర్దుతూ, "హంతకులు బూట్లు వరసలో పెట్టరా?" అని అరిచింది. వెంటనే అందరూ వెనక్కి వచ్చి వరసలో పెట్టారు.

ఒక్కొక్కరే గురువుగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగారు. గురువుగారు ఒక్కొక్కరికీ టీ ఇచ్చి, "మీకింకా వేళ కాలేదండీ" అన్నారు. సప్పొరో నుంచి విమానంలో వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు ఆ మాట విని గట్టిగా ఏడ్చేశాడు. "ఇన్నాళ్ళకి నాతో ఒకరు నిజం చెప్పారు" అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను నేల తుడుస్తూ కిటికీలోంచి చూశాను. గురువుగారు పెరట్లో ఒంటరిగా నగినాత పట్టుకుని నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. తన నీడనే చూస్తున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఒక్కసారి తిప్పారు.

చామంతి కుండీ పగిలింది.

చూశాను! నా కళ్ళతో చూశాను! కుండీ సంగతేమిటంటే, అది కావాలని చేసిందే. ఎవరైనా గమనిస్తుంటే గురి తప్పిందని నమ్మాలి. మూడో అధ్యాయానికి చేర్చాలి.

డిసెంబరు 12

టీవీ వాళ్ళు వచ్చారు. జనవరి పదకొండున కొత్త సంవత్సరపు మొదటి సాధన. ఆ రోజు గూటిలో పెట్టిన మోచీని, అంటే దంచిన అన్నపు ముద్దను, విరిచి, తీపి చారులో వేసి అందరం తాగుతాం. దాన్ని చిత్రీకరిస్తారట, నీడ కోతతో సహా.

గురువుగారు ఒప్పుకుంటారనుకోలేదు. టీవీ వాళ్ళ మాట విని, మెల్లిగా నా వైపు తిరిగి అడిగారు. "అప్పటికి సిద్ధమవుతుందా, కయానో?"

"అవుతుందండీ" అన్నాను. దేని గురించి అడిగారో అర్థం కాలేదు. తడిగుడ్డల గురించి కాబోలు. కొత్తవి కొన్నాను.

డిసెంబరు 13

గురువుగారు ఈమధ్య నాకు ఊరగాయ ముల్లంగిలో పెద్ద ముక్కలు వేస్తున్నారు. ఫుమియే అక్క గమనించి, "నీకూ గోడ మీద ఓ గూడు కట్టేలా ఉన్నారు" అంది. ఎడమ కాలి మీద కొట్టడం మాత్రం తగ్గలేదు.

జనవరి 2

ఊళ్ళో ఉన్నాను. అమ్మ, నాన్న, అన్నయ్య, అందరం పాకలో కూర్చుని ఆల్చిప్పలు విప్పుతున్నాం. కొత్త సంవత్సరం వస్తే గిరాకీ ఎక్కువ. నా పీట మీద కూర్చున్నాను. సరిగ్గా సరిపోయింది. అది నన్ను భయపెట్టింది.

"అయితే ఇంతకీ ఆ నీడ గోల ఉందా, లేదా?" అన్నాడు నాన్న.

"అది అలా అడిగే ప్రశ్న కాదు నాన్నా."

"ఎందుకు కాదే? మీ తాత వేటకి వెళ్ళొస్తే నాయనమ్మ ఏం పడింది అని అడిగేది. పడిన రోజున వీధి మొదట్నుంచే కేకేసేవాడు. పడని రోజున 'ఇంకా వల విప్పలేదు' అనేవాడు. మర్నాటి దాకా విప్పేవాడు కాదు."

అన్నయ్య నవ్వి నవ్వి చెయ్యి కోసుకున్నాడు. కట్టు కట్టడానికి నేను లేచాను. అందువల్లే ఆ మాట గురించి ఎక్కువ ఆలోచించలేదు.

జనవరి 4

ఆలోచించలేదు.

జనవరి 8

రాయాలి. చేతికి వచ్చినట్టు రాయాలి.

సాధన అయ్యాక గురువుగారు ఫుమియే అక్కను సోయా సాసు తెమ్మని పంపారు. ఇంట్లో రెండు సీసాలు నిండుగా ఉన్నాయి. నన్ను లోపలి గదిలోకి పిలిచారు. టీ పోశారు. తలుపు మూశారు. 

వేళ అయింది అనుకున్నాను.

గురువుగారు నాకు ఎదురుగా సరిగ్గా కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, నాకు తల వంచి దండం పెట్టారు. నాకు! నేను కంగారుపడి ఇంకా కిందికి వంగాను. నా తల టీ పళ్ళెం అంచుకు తగిలింది.

"ఇక చెప్పు తల్లీ" అన్నారు.

"ఏం చెప్పనండీ?"

"నీడ కోత. మూడు రోజుల్లో టీవీ వాళ్ళొస్తారు. ఇప్పుడు చెబితేనే నాకు కాస్త చెయ్యి కుదురుతుంది."

"గురువుగారూ, మీరు నాకు చెప్పాలి కదా?"

"నాకెలా తెలుస్తుంది?"

 బయట కాకి అరిచింది. దానికైనా ఏదో తెలుసేమో అనిపించింది.

అప్పుడు చెప్పారు. వయసులో ఉండగా ఆవిడకి ఒక అనుమానం ఉండేదట. తన గురువు తొసే గారి దగ్గర చెప్పని విద్య ఏదో ఉందని. పేరు తెలియదు. అడిగినప్పుడల్లా తొసే గారు 'నీకింకా వేళ కాలేదు' అనేవారు. వేళ వస్తుందని సెత్సు గారు ఎదురు చూశారు. తొసే గారు పోయారు. వేళ రాలేదు. ఇక రాదనుకున్నారు. ఇంతలో యూనివర్సిటీ నుంచి ఒక పిల్ల వచ్చి, ఏకంగా పేరు పెట్టి అడిగింది.

"నాకు ప్రాణం లేచి వచ్చిందమ్మా. దాని పేరు నీడ కోత అన్నమాట, ఎక్కడో పుస్తకాల్లో దాక్కుని ఉందన్నమాట, ఈ పిల్ల చదువుకుని పట్టుకొస్తుందన్నమాట అనుకున్నాను. అచ్చు పుస్తకంలో కూడా వేశారు, నువ్వు తేల్చావని."

"మరి నాకు వేళ కాలేదన్నారు?"

"గురువుని కదా. ఇంకేమనను?"

"పెరట్లో... కుండీ?"

"ప్రయత్నించి చూశాను. గురి తప్పింది. మంచి చామంతి."

అప్పుడే ఫుమియే అక్క సోయా సాసుతో వచ్చింది. మా ఇద్దరి మొహాలు చూసి, "ఎవరు పోయారు?" అంది.

మూడో అధ్యాయం, అన్నాను.

జనవరి 9

కుజే గారింటికి పరిగెత్తాను. వీధి మొదట్లో గొలుసుకు కట్టిన కుక్క ఉన్నందువల్ల ఆయన రెండు రోజులుగా బయటికి రాలేదట. గుమ్మంలోనే అడిగాను.

"నీడ కోత మీకు ఎలా తట్టింది? సరిగ్గా గుర్తు చేసుకోండి."

"కల్పన అండీ. రచయిత మనసు అగాధం..."

"కుజే గారూ!"

గడ్డం గోక్కున్నారు. తర్వాత మొహం మారింది. "చిన్నప్పుడు ఒక వేసవి కుమోహరలో మా అమ్మమ్మ దగ్గర ఉన్నాను. అక్కడో సాముశాలకి పంపింది. రోజూ కాలి మీద కొట్టేవారు. విసుగొచ్చి టీచరుగారిని అడిగాను: మనిషిని ముట్టుకోకుండా, కళ్ళు మూసుకుని, నీడను కొట్టి పడగొట్టే విద్య ఏదైనా ఉందా అని."

"ఆవిడ ఏమన్నారు?"

"నీకింకా వేళ కాలేదు బాబూ, అన్నారు." ఆయన కళ్ళు మెరిశాయి. "అంటే ఉందనేగా? లేనిదానికి వేళ ఎలా వస్తుంది?"

నా డైరీలో అక్టోబరు మూడో తారీకు తీసి చూశాను. అక్షరం తేడా లేదు.

కుమోహరలో సాముశాల ఒక్కటే, ఆ టీచరు మా గురువుగారే. పిల్లవాడు విసుగొచ్చి ఏదో అడిగాడు. ఆవిడ అలవాటుగా ఏదో అన్నారు. వాడు నవల రాశాడు. నేను నవల చదివి ఆవిడనే వెళ్ళి అడిగాను. ఆవిడ నన్ను నమ్ముకున్నారు. ఆయన నా పేరు వేశారు. సప్పొరో మేనేజరు విమానం ఎక్కాడు. అంతా కలిపి ఒక గీజరు.

ఆరు రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. రెండు రోజుల్లో టీవీ.

గురువుగారికి చెప్పాలి, లేదని. ఇవాళ చెప్పలేదు. ఆలస్యమైంది, రైలుంది.

జనవరి 10

చెప్పలేదు. ఆవిడ నగినాతకు నూనె రాస్తూ పాట పాడుతున్నారు. పాడటం ఎప్పుడూ వినలేదు.

జనవరి 11

శాల నిండిపోయింది. కుజే గారు నల్ల కోటులో ముందు వరసలో. నమ్మండి, నమ్మకపోండి (ఎవరికి చెబుతున్నానో!), వెనక గోడకు ఆనుకుని ప్రొఫెసర్ ఒగుమా. చేతిలో కమలాపండు. ఆయన్ని చూడగానే నా ఎడమ కాలికి దెబ్బ తగలకముందే నొప్పి మొదలైంది.

ఆకాశం పొద్దున్నుంచీ మబ్బు. తలుపులన్నీ తీసినా నేల మీద ఒక్క నీడ లేదు.

గురువుగారు, నేను మధ్యలో ఎదురెదురుగా నిలబడ్డాం. టీవీ అమ్మాయి గొంతు తగ్గించి, "ఇప్పుడు, తరతరాల రహస్యం, నీడ కోత!" అంది.  గురువుగారు బయటికి చూశారు. మబ్బు. నా వైపు చూశారు. ఇప్పుడైనా చెబుతావా అన్నట్టు. నేను నేల చూశాను. శుభ్రంగా ఉంది. నేనే తుడిచాను.

"ఇవాళ దానికి వేళ కాలేదు" అన్నారు గురువుగారు.

"ఆహా..." అని శాలంతా ఒక్క నిట్టూర్పు. మేనేజరు మళ్ళీ ఏడుస్తున్నాడు.

"మొదటి పాఠం చూపిస్తాం" అని ఆవిడ నగినాత ఎత్తారు. మొదటి పాఠం నాకు నిద్రలో కూడా తెలుసు. కాలు వెనక్కి, కర్ర అడ్డం. కానీ నేను ప్రొఫెసర్ గారిని చూస్తున్నాను. ఆయన తొన నోట్లో పెట్టుకోబోతూ ఆగారు.

ఎడమ కాలు. ఈసారి ఎంత చక్కగా తగిలిందంటే రెండు కాళ్ళూ గాల్లోకి లేచి వెల్లకిలా పడ్డాను.

 కుజే గారు లేచి నిలబడి అరిచారు. "నీడ కూడా లేకుండానే!"

శాల దద్దరిల్లిపోయింది. చప్పట్లు, కెమెరాలు, ఏడుపులు. గురువుగారు నా మీదికి వంగి, చెవిలో ఆశగా అడిగారు: "అదేనా? అదేనా, కయానో?"

"మొదటి పాఠం అండీ" అన్నాను పడుకునే.

"ఓ" అన్నారు. చేయి ఇచ్చి లేపారు. ఆ 'ఓ' నాకు కాలి కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

తర్వాత తీపి చారు తాగుతుంటే ప్రొఫెసర్ గారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. "నువ్వు పడ్డది ఎందుకు?"

"కాచుకోలేదండీ."

"అది రాసుకో" అని, నాకు సగం కమలాపండు ఇచ్చారు.

జనవరి 15

ఇచ్చేశాను. కొత్త మూడో అధ్యాయం: "వేళ కాని విద్య: ఒక రహస్యం ఎవరూ దాచకుండానే ఎలా దాగుతుంది." అందులో గీజరు ఉంది. పిల్లవాడి వేసవి ఉంది. పేరు పెట్టకుండా తాత వల ఉంది. పడిపోయిన వ్యక్తి పరిశోధకురాలేనని, కారణం కాలు కాచుకోకపోవడమేనని, అంతకు మించి ఏమీ లేదని ఉంది. పాత అధ్యాయం నుంచి ఒక్క వాక్యమే మిగిలింది. 'లేనిదానికి వేళ ఎలా వస్తుంది?' దాన్ని తప్పుకు ఉదాహరణగా వాడాను.

జనవరి 20

టీవీలో వచ్చింది. నేను పడటం నాలుగుసార్లు చూపించారు, ఒకసారి నిదానంగా. కింద అక్షరాలు: "తొలిసారి కెమెరాకు చిక్కిన నీడ కోత."

నాన్న ఫోన్ చేశాడు. "అంత పెద్ద యూనివర్సిటీలో నిలబడటం నేర్పలేదా?" తర్వాత గొంతు తగ్గించి, "దెబ్బ గట్టిగా తగిలిందా అమ్మా?"

ఫిబ్రవరి 6

మౌఖిక పరీక్ష. ప్రొఫెసర్ ఒగుమాతో పాటు చరిత్ర శాఖ నుంచి ఒక పెద్దాయన. ఆయన సంచిలోంచి కుజే గారి నవల తొంగి చూస్తోంది.

"నీడ కోత లేదని రాశారు" అన్నారు ఆ పెద్దాయన బాధగా.

"లేదండీ."

"నేను టీవీలో చూశాను."

"పడ్డది నేనేనండీ. నాకు తెలుసు."

ఆయన నా మొహం పరీక్షగా చూసి, అర్థమైనట్టు తలూపారు. "ప్రమాణం చేయించుకుని ఉంటారు. బయటికి చెప్పకూడదని. అడగను. గౌరవిస్తాను."

"లేదండీ, నిజంగా..."

"అడగనన్నానుగా."

నేను ప్రొఫెసర్ ఒగుమా వైపు చూశాను. ఆయన నవ్వు ఆపుకోలేక కిటికీ తీశారు. ఆ చలిలో.

గంట తర్వాత ఫలితం చెప్పారు. నెగ్గాను. "కుందేటి కొమ్ముని వర్ణించినవాళ్ళు చాలామంది. దాన్ని ఎవరెవరు కలిసి అతికించారో రాసినవాళ్ళు తక్కువ. ఆ జిగురు డబ్బా పట్టుకున్న చేతుల్లో తనదీ ఒకటని రాసినవాళ్ళు ఇంకా తక్కువ" అన్నారు ప్రొఫెసర్ ఒగుమా.

మ్యూజియం వాళ్ళకి ఫోన్ చేశాను. తర్వాత అమ్మకి చేశాను. "పీట తీసెయ్యమంటావా?" అంది. అక్కడే ఉండనివ్వమన్నాను. సెలవుల్లో కూర్చోడానికి.

ఫిబ్రవరి 8

నాన్న పంపిన ఆల్చిప్పల పెట్టె మోసుకుని కుమోహర వెళ్ళాను. బట్టల గదిలో వేడినీళ్ళు వస్తున్నాయి! ఫుమియే అక్క చేతులు కడుక్కుంటూనే ఉంది, అవసరం లేకపోయినా. టీవీ వచ్చాక కొత్త శిష్యులు చాలామంది చేరారట. "దానికి వేళ వచ్చింది కయా" అంది. కళ్ళలో నీళ్ళు.

గురువుగారు లోపలి గదిలో ఉన్నారు. దండం పెట్టి, నెగ్గానని చెప్పాను. సంతోషించారు. ఆల్చిప్పల పెట్టె మూత తీసి వాసన చూసి, "మీ నాన్న మంచివాడు" అన్నారు. తర్వాత మూత పెట్టి, సర్దుకుని కూర్చున్నారు.

"పరీక్ష అయిపోయింది. ఇక ఎవరికీ భయపడక్కర్లేదు. ఈ ముసలిదానికి నిజం చెప్పు. ఉందా? లేదా?"

'లేదు' అన్న మాట వారం నుంచి సిద్ధం చేసుకున్నాను. థీసిస్‌లో దానికి మూడు అధోజ్ఞాపికలు కూడా ఉన్నాయి. పరీక్షలో ఎంత తేలిగ్గా చెప్పాను! నోరు తెరిచాను. ఆవిడ కొంచెం ముందుకు వంగారు. తొసే గారి ముందు కూడా ఇలాగే వంగి ఉంటారు. పెరట్లో పగిలిన చామంతి కుండీ చోట కొత్త కుండీ ఉంది. కొంచెం పక్కకి జరిపి పెట్టారు. నగినాత తిప్పడానికి చోటుండేలా.

"మీకింకా వేళ కాలేదు, గురువుగారూ" అన్నాను.

  గోడ అవతల ఫుమియే అక్క కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆవిడ నోరు ముందు ఒక పక్కకి వంకర పోయింది. తర్వాత రెండో పక్కకి. తర్వాత నవ్వారు. పళ్ళ సెట్టు కదిలేంత నవ్వారు. నవ్వుతూనే మోకాళ్ళ మీద చేతులు ఊని లేచారు, గోడకున్న నగినాత తీశారు.

"లే" అన్నారు. "గురువుతో వేళాకోళమా? లే, చెబుతాను."

లేచాను. నగినాత పట్టుకున్నాను. కాలు వెనక్కి, కర్ర అడ్డం. అంతా తెలుసు.

ఎడమ కాలు. నవ్వుతూ కాచుకోవడం నాకింకా రాలేదు.